హోమ్ థియేటర్‌లో తప్పు కేబుల్‌దా, కనెక్షన్‌దా?

హోమ్ థియేటర్‌లో ఏ తేడా వచ్చినా మొదటి అనుమానం కేబుల్ మీదికే పోతుంది. కొత్తది కొంటాం, మార్చి చూస్తాం, తేడా మాత్రం అలాగే ఉంటుంది. సౌండ్‌బార్‌లో సరౌండ్ సౌండ్ రావట్లేదని నేనూ ఒకసారి వరసగా రెండు హెచ్‌డీఎంఐ కేబుళ్లు మార్చాను. తీరా చూస్తే టీవీలో ఆడియో సెట్టింగ్ పీసీఎమ్ దగ్గర, అంటే రెండు ఛానళ్ల శబ్దమే బయటికి పంపేలా ఉంది. అప్పటి నుంచి నేను పాటించే పద్ధతి ఒకటే. లక్షణాన్ని సరిగ్గా గమనించాలి, ఆ దారిలో ఏ సిగ్నల్ వెళ్తోందో తెలుసుకోవాలి, ఆ తర్వాతే కేబుల్ సంగతి చూడాలి.

కింద చెప్పినవన్నీ మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. మధ్యలో ఉన్నవన్నీ తీసేసి, ప్లేయర్‌ను లేదా సెట్‌టాప్ బాక్స్‌ను పొట్టి కేబుల్‌తో నేరుగా టీవీకి కలపండి. బాగుంటే రిసీవర్‌ను (స్పీకర్లన్నిటినీ నడిపే యాంప్లిఫయర్ పెట్టెను) మధ్యలో చేర్చండి, తర్వాత పొడుగు కేబుల్‌ను. ఏది చేర్చగానే తేడా మొదలైందో తప్పు అక్కడే ఉంది. ఒకేసారి రెండు మార్చారంటే అసలు కారణం ఎప్పటికీ తెలియదు.

తెర మీద మెరుపు చుక్కలు, రెండు మూడు సెకన్లు నల్లబడి మళ్లీ రావడం

ఇది నిజంగా కేబుల్ లోపం అయ్యే అవకాశం బాగా ఉన్న లక్షణం. కేబుల్ మోయగలిగినదానికంటే ఎక్కువ డేటా దాని మీదికి వస్తే ఇలా అవుతుంది. నిర్ధారించుకోవడం తేలిక. ప్లేయర్ సెట్టింగ్‌లో రిజల్యూషన్‌ను 4కే నుంచి 1080పీకి దించండి, లేదా హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాను ఎక్కువగా చూపే విధానం) ఆపండి. చుక్కలు మాయమైతే కేబుల్ చాలడం లేదని అర్థం. తగ్గించినా పోకపోతే ప్లగ్ వదులుగా ఉందేమో, పోర్ట్ పాడైందేమో చూడాలి.

కొనేటప్పుడు డబ్బా మీద '2.1 కేబుల్' అని రాసి ఉంటే దాన్ని బట్టి నిర్ణయించకండి. 1.4, 2.0, 2.1 అనేవి పరికరాలకు, వాటి పోర్ట్‌లకు సంబంధించిన వెర్షన్లు. కేబుళ్లకు ఉండేవి వర్గాలు. హై స్పీడ్ కేబుల్ సెకనుకు 10.2 గిగాబిట్లు, ప్రీమియం హై స్పీడ్ 18 గిగాబిట్లు, అల్ట్రా హై స్పీడ్ 48 గిగాబిట్లు మోస్తాయి. సినిమాలకు, అంటే 4కే 60 హెర్ట్జ్ హెచ్‌డీఆర్‌కు ప్రీమియం హై స్పీడ్ చాలు. గేమింగ్ కన్సోల్‌తో 4కే 120 హెర్ట్జ్ కావాలంటే అల్ట్రా హై స్పీడ్ తీసుకోవాలి. ఈ రెండు వర్గాలకూ డబ్బా మీద స్కాన్ చేసి చూసుకునే అధికారిక లేబుల్ ఉంటుంది. లేబుల్ లేకుండా పేరు మాత్రమే ఉంటే నేను నమ్మను.

పొడవు దగ్గర ఇంకా జాగ్రత్త పడాలి. మామూలు రాగి కేబుల్‌లో 18 గిగాబిట్ల సిగ్నల్ 5 మీటర్లు దాటాక నమ్మకం తగ్గుతూ వస్తుంది. 48 గిగాబిట్లకైతే 3 మీటర్ల లోపే ఉంచుకోవడం మేలు. ప్రొజెక్టర్ కోసం 10, 15 మీటర్లు లాగాల్సి వస్తే యాక్టివ్ ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కేబుల్ (సిగ్నల్‌ను కాంతిగా మార్చి ఫైబర్‌లో పంపేది) వాడండి. దానికి దిశ ఉంటుంది. ఒక చివర 'సోర్స్' అనీ, రెండో చివర 'డిస్‌ప్లే' అనీ రాసి ఉంటుంది. తిరగేసి పెడితే బొమ్మ అసలు రాదు. గోడలో వేస్తుంటే మాత్రం ముందుగా రెండు చివరలూ తగిలించి పనిచేస్తోందని చూసుకుని, ఆ తర్వాతే పైపులో దూర్చండి. ఆ పైపు కూడా ప్లగ్ పట్టేంత వెడల్పుగా ఉండాలి. రేపు కేబుల్ మార్చాల్సి వస్తే గోడ పగలగొట్టే పని తప్పుతుంది.

ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. హెచ్‌డీఎంఐలో వెళ్లేది డిజిటల్ సిగ్నల్. సిగ్నల్ చెక్కుచెదరకుండా చేరుతున్నప్పుడు ఖరీదైన కేబుల్ వేసినంత మాత్రాన రంగులు చిక్కబడవు, నలుపు ఇంకా నలుపు కాదు. లోపం ఉంటే చుక్కలుగా, తెర ఆగిపోవడంగా కంటికి కనిపిస్తుంది. ఆ డబ్బు స్పీకర్ల మీద పెడితే తేడా చెవికి తెలుస్తుంది.

1080పీ వస్తుంది, 4కే పెడితే తెర నలుపు

పాత రిసీవర్ మధ్యలో ఉంటే ముందు దాన్నే చూడండి. 4కే సినిమాలకు సాధారణంగా హెచ్‌డీసీపీ 2.2 అనే కాపీ రక్షణ అవసరం. దారిలో ఒక్క పరికరానికి అది లేకపోయినా బొమ్మ ఆగిపోతుంది, లేదా తక్కువ రిజల్యూషన్‌లో వస్తుంది. కేబుల్ ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు. ప్లేయర్‌ను నేరుగా టీవీకి కలిపి, శబ్దాన్ని మాత్రం ఆర్క్ (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ కేబుల్ మీదే వెనక్కి పంపే ఏర్పాటు) ద్వారానో, ఆప్టికల్ (శబ్దాన్ని కాంతిగా పంపే ఆడియో కేబుల్) ద్వారానో రిసీవర్‌కు వెనక్కి పంపండి. రిసీవర్ మార్చకుండానే పని జరిగిపోతుంది.

బొమ్మ వస్తున్నా హెచ్‌డీఆర్ రాకపోతే టీవీ సెట్టింగ్‌లోకి వెళ్లి, ఆ హెచ్‌డీఎంఐ పోర్ట్‌కు ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్ లేదా డీప్ కలర్ లాంటి పేరుతో ఉన్నదాన్ని ఆన్ చేయండి. పేరు కంపెనీని బట్టి మారుతుంది. చాలా టీవీల్లో ఒక్కో పోర్ట్‌కు విడిగా ఆన్ చేయాలి.

బొమ్మ ఉంది, సౌండ్‌బార్ నుంచి శబ్దం లేదు

టీవీ వెనక మూడు నాలుగు హెచ్‌డీఎంఐ పోర్ట్‌లు ఉన్నా, ఆర్క్ అనేది సాధారణంగా ఒక్కదానికే ఉంటుంది. పోర్ట్ పక్కనే రాసి ఉంటుంది. సౌండ్‌బార్ లేదా రిసీవర్ వైపు కేబుల్ 'హెచ్‌డీఎంఐ అవుట్' అని ఉన్న పోర్ట్‌లో ఉండాలి. శబ్దం లోపలికి రావాలి కదా అని చాలామంది 'ఇన్'లో పెడతారు. పొరపాటు జరిగేది ఎక్కువగా అక్కడే. ఇవి సరిగ్గా ఉంటే రెండు పరికరాల్లోనూ సీఈసీ (హెచ్‌డీఎంఐ మీద పరికరాలు ఒకదాన్నొకటి నియంత్రించుకునే ఏర్పాటు) ఆన్ చేయండి. అప్పటికీ రాకపోతే రెండింటి ప్లగ్‌లూ గోడ నుంచి పీకేసి, కాసేపాగి ముందు టీవీని, తర్వాత సౌండ్‌బార్‌ను ఆన్ చేయండి. వాటి మధ్య సంభాషణ కొత్తగా మొదలై చాలాసార్లు దారికి వస్తుంది.

శబ్దం వస్తోంది, కానీ స్టీరియో మాత్రమే. లేదా అట్మాస్ గుర్తు వెలగట్లేదు

టీవీ ఆడియో అవుట్‌పుట్ పీసీఎమ్‌లో ఉంటే ఆర్క్ మీదా, ఆప్టికల్ మీదా రెండు ఛానళ్లే వెళ్తాయి. దాన్ని బిట్‌స్ట్రీమ్, పాస్‌త్రూ లేదా ఆటోకు మార్చండి.

అది సరిచేశాక కూడా అట్మాస్ (తల పైనుంచి కూడా శబ్దం వినిపించే డాల్బీ ఫార్మాట్) రాకపోతే ఏ దారిలో ఎంత పడుతుందో తెలుసుకోవాలి. ఆప్టికల్ కేబుల్‌లో స్టీరియో పీసీఎమ్, లేదంటే కుదించిన 5.1 డాల్బీ డిజిటల్, డీటీఎస్ మాత్రమే వెళ్తాయి. డాల్బీ డిజిటల్ ప్లస్ దాంట్లో పట్టదు, కాబట్టి ఆప్టికల్ మీద అట్మాస్ కోసం ఎదురుచూడటం వృథా. ఆర్క్‌లో డాల్బీ డిజిటల్ ప్లస్ వెళ్తుంది. స్ట్రీమింగ్ యాప్‌లు అట్మాస్‌ను ఎక్కువగా ఆ రూపంలోనే పంపుతాయి కాబట్టి వాటికి ఆర్క్ సరిపోతుంది. బ్లూరే డిస్క్‌లోని డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియోలకు మాత్రం ఈఆర్క్ (ఆర్క్‌కు మెరుగైన రూపం) కావాలి. ఆర్క్ సామర్థ్యం సెకనుకు సుమారు 1 మెగాబిట్ అయితే ఈఆర్క్‌ది 37 మెగాబిట్లు. టీవీకీ, సౌండ్‌బార్‌కీ రెండింటికీ ఈఆర్క్ ఉండాలి. ఒకదానికే ఉంటే మామూలు ఆర్క్‌గానే పనిచేస్తుంది. దీనికోసం ప్రత్యేకమైన కేబుల్ అవసరం లేదు, ఈథర్నెట్ ఉన్న హై స్పీడ్ కేబుల్ చాలు.

ఆప్టికల్‌లో అసలు శబ్దమే లేకపోతే, సౌండ్‌బార్ వైపు చివర తీసి అరచేతికి ఎదురుగా పట్టుకోండి. ఎర్ర వెలుగు పడాలి. పడకపోతే టీవీలో ఆ అవుట్‌పుట్ ఆఫ్‌లో ఉండొచ్చు, లేదా కేబుల్ ఎక్కడో మడత పడి లోపలి ఫైబర్ విరిగి ఉండొచ్చు. కొత్త కేబుల్ అయితే చివరన ఉండే చిన్న ప్లాస్టిక్ తొడుగు తీశారో లేదో చూడండి. పారదర్శకంగా ఉంటుంది కాబట్టి కంటికి ఆనదు.

సబ్‌వూఫర్ నుంచి ఆగకుండా హుమ్మనే మోత

నాకు తెలిసినంతలో మనుషుల్ని ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. సినిమా నిశ్శబ్దంగా ఉన్న చోట గదంతా వినిపిస్తుంది. 50 లేదా 60 హెర్ట్జ్ కరెంటు, దాని రెట్టింపు పౌనఃపున్యం శబ్దంగా మారి వస్తున్న మోత అది. రెండు పరికరాలు వేర్వేరు చోట్ల ఎర్త్‌కు కలిసి, మధ్యలో సిగ్నల్ కేబుల్ కూడా వాటిని కలిపితే గ్రౌండ్ లూప్ ఏర్పడుతుంది.

వాల్యూమ్ తగ్గించి, సబ్‌వూఫర్‌కు వచ్చే ఆర్‌సీఏ కేబుల్ (గుండ్రటి ప్లగ్ ఉండే ఆడియో వైరు) పీకండి. మోత అలాగే ఉంటే లోపం సబ్‌వూఫర్‌లోని యాంప్లిఫయర్‌ది. ఆగిపోతే కేబుల్ దారిలోనిది. కేబుల్ తిరిగి పెట్టి, ఈసారి టీవీ వెనక యాంటెన్నా లేదా కేబుల్ టీవీ వైరును తీసి చూడండి. మోతకు మూలం తరచుగా అదే, ఎందుకంటే ఆ వైరు బయట ఇంకెక్కడో ఎర్త్ అయి ఉంటుంది. అప్పుడు ఆ వైరు దారిలో ఐసొలేటర్ (ఎర్త్ కలయికను తెంచి సిగ్నల్‌ను మాత్రం పోనిచ్చే పరికరం) వేస్తే సరి. డిష్ వైరుకు మాత్రం మామూలు ఐసొలేటర్ వేయకండి, డిష్ ముందు ఉండి సిగ్నల్ అందుకునే ఎల్ఎన్‌బీకి కరెంటు వెళ్లేది ఆ వైరు మీదే.

కారణం అది కాకపోతే టీవీ, రిసీవర్, సబ్‌వూఫర్ మూడింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టి చూడండి. అప్పటికీ ఆగకపోతే ఆర్‌సీఏ కేబుల్ మార్చండి. చుట్టూ అల్లిక కవచం సరిగ్గా ఉన్నది తీసుకుని, కరెంటు వైర్ల పక్కన సమాంతరంగా కాకుండా దూరంగా వేయండి. ఒక్కటి మాత్రం ఎప్పుడూ చేయొద్దు. మోత పోతుందని ప్లగ్‌కున్న ఎర్త్ పిన్ తీసేయకండి. మోత పోతుంది నిజమే, పరికరంలో లీకేజీ వస్తే ప్రాణం మీదికి వస్తుంది.

బేస్ పలచబడింది, మాటలు తెర మధ్య నుంచి కాకుండా చెల్లాచెదురుగా వినిపిస్తున్నాయి

ఒక స్పీకర్‌కు ఎరుపు (ప్లస్), నలుపు (మైనస్) వైర్లు తిరగబడి ఉంటాయి. ఒకటి గాలిని ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతుంది, కింది స్వరాలు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. రిసీవర్ ఆపి, రెండు చివరలా రంగులు చూడండి. వైరు రెండు పోగుల్లో ఒకదాని మీద గీతగానీ, అక్షరాలుగానీ ఉంటాయి. దాన్నే అన్నిచోట్లా ప్లస్‌కు వాడితే ఈ తప్పు జరగదు.

స్పీకర్ వైరు మందం విషయంలో లెక్క ఒక్కటే. వైరు నిరోధం స్పీకర్ ఇంపెడెన్స్‌లో (ఓమ్‌లలో చెప్పే దాని నిరోధంలో) 5 శాతం దాటకూడదు. 8 ఓమ్‌ల స్పీకర్‌కు 0.4 ఓమ్. 10 మీటర్ల దూరమంటే రానుపోను 20 మీటర్ల రాగి. 0.75 చదరపు మిల్లీమీటర్ల వైరు అయితే అది 0.46 ఓమ్ అవుతుంది, చాలదు. 1.5 అయితే 0.23 ఓమ్, హాయిగా సరిపోతుంది. 4 ఓమ్‌ల స్పీకర్‌కు పరిమితి 0.2 కాబట్టి 2.5 వేయాలి. పైగా చవకగా దొరికే వైరు చాలావరకు రాగి పూత వేసిన అల్యూమినియం. దాని నిరోధం రాగి కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు ఉంటుంది. ఒక పోగును బ్లేడుతో గీకండి, లోపల తెల్లగా మెరిస్తే అదే.

రిసీవర్ వాల్యూమ్ పెంచగానే ఆగిపోవడం, 'ప్రొటెక్ట్' అని చూపించడం

స్పీకర్ టెర్మినల్ దగ్గర ఒక్క వెంట్రుకంత తీగ పోగు పక్కదానికి తగిలినా ఇది జరుగుతుంది. ప్లగ్ పీకి, ప్రతి టెర్మినల్‌నూ టార్చ్‌తో చూడండి. పోగులన్నీ గట్టిగా మెలిపెట్టి, తొడుగు ఒక సెంటీమీటర్ మాత్రమే తీసి బిగించండి. బనానా ప్లగ్‌లు వేస్తే ధ్వనిలో ఏ మార్పూ రాదు గానీ, ఈ షార్ట్ బెడద తగ్గుతుంది. ఆ తర్వాత కూడా ఆగిపోతుంటే స్పీకర్ వైర్లన్నీ విప్పేసి, రిసీవర్‌ను ఒంటరిగా ఆన్ చేయండి. అప్పుడు నిలబడితే ఒక్కో స్పీకర్‌నూ కలుపుతూ ఏదాని దగ్గర ఆగుతుందో పట్టుకోండి. స్పీకర్లు లేకుండా కూడా ఆగిపోతే లోపం రిసీవర్ లోపలిది, సర్వీస్‌కు ఇవ్వాల్సిందే.