కనుమ నాడు ఇంట్లో టీవీ క్విజ్ పెట్టాలంటే

కనుమ మధ్యాహ్నం గారెలు, మాంసం తిన్నాక మా ఇంట్లో ఒక్కళ్ళూ మెలకువగా ఉండరు. నాలుగింటికి టీ వాసనకి ఒక్కొక్కళ్ళే లేస్తారు చూడండి, క్విజ్ పెడితే అప్పుడే పెట్టాలి. అంతకుముందు పెడితే జవాబుల బదులు గురకలు వినాలి, ఆరు దాటితే మా పిన్నమ్మ రిమోట్ వెతుక్కోవడం మొదలుపెడుతుంది. నెల్లూరులో మా ఇంట్లో మూడేళ్లుగా ఈ పని నా నెత్తినే ఉంది కాబట్టి, తిన్న తిట్లలోంచి నేర్చుకున్నవి చెప్తున్నా.

ముందు ప్రశ్నల సంగతి. పెద్ద హీరోల జోలికి పోవద్దు, పది మంది ఒకేసారి అరుస్తారు, అక్కడితో అయిపోతుంది. మొహం అందరికీ తెలిసి పేరు ఎవరికీ తెలియని మనిషి కావాలి. దూరదర్శన్ మహాభారతంలో భీముడు గుర్తున్నాడు కదా, "గద పట్టకముందు ఆయన ఏం విసిరేవాడు?" అని అడగండి. ఒకరు బల్లెం అంటారు, ఇంకొకరు గుండు అంటారు, మా బావ అయితే చెప్పు అన్నాడు. జవాబు డిస్కస్. ఆయన పేరు ప్రవీణ్ కుమార్ సోబ్తీ, 1966, 1970 ఆసియా క్రీడల్లో డిస్కస్ త్రోలో బంగారు పతకాలు తెచ్చినాయన. అదే సీరియల్లో కాలం పేరుతో కథ చెప్పే గొంతు హరీష్ భిమానీది, ఆ మనిషి పక్కన నిలబడినా మనం గుర్తుపట్టలేం.

సంవత్సరాలు అడగొద్దు. తప్పు సంవత్సరం చెప్పినవాణ్ణి చూసి ఎవరూ నవ్వరు.

వయసును బట్టి జట్లు చేయడం కూడా తప్పే. మనవళ్ళంతా ఒకవైపు, పెద్దవాళ్ళంతా ఒకవైపు కూర్చుంటే బిగ్‌బాస్ ప్రశ్నలకి జేజి, రామాయణం ప్రశ్నలకి పిల్లలు గోడ వైపు చూస్తూ కూర్చుంటారు. ఒక జేజి, ఒక ఇంజనీరింగ్ కుర్రాడు, ఒక అత్త, ఇట్టా కలిపి కట్టండి. "బిగ్‌బాస్ గెలిచి, తర్వాత ఆస్కార్ వేదికెక్కి పాడింది ఎవరు?" అంటే కుర్రాడు రాహుల్ సిప్లిగంజ్ అంటాడు, "వంటలక్క మొదట ఏ భాషలో ఏడ్చింది?" అంటే అత్త చెప్పాలి. మలయాళంలో. కార్తీకదీపానికి మూలమైన మలయాళం సీరియల్లో కూడా ఆ పాత్ర ప్రేమీ విశ్వనాథే వేసింది, అంటే ఒకే కష్టాన్ని ఆమె రెండుసార్లు పడింది పాపం.

ఇక నా దగ్గర ఎప్పుడూ పేలే ప్రశ్న ఒకటుంది. దూరదర్శన్ రామాయణం వాళ్ళలో పార్లమెంటుకు ముందు ఎవరు చేరారు? అందరూ రాముడే అంటారు, అనాలి కూడా, మీరు కాసేపు ఆగండి. 1991లో సీత వేసిన దీపికా చిఖలియా బరోడా నుంచి, రావణాసురుడు వేసిన అరవింద్ త్రివేది సబర్‌కాంఠా నుంచి, ఇద్దరూ ఒకే పార్టీ టికెట్ మీద లోక్‌సభకు గెలిచారు. ఆంజనేయుడు దారా సింగ్ 2003లో రాజ్యసభకు పోయాడు. రాముడు అరుణ్ గోవిల్ మీరట్ నుంచి గెలిచి లోపలికి అడుగుపెట్టేసరికి 2024 వచ్చింది. పోయినేడు ఇది వినగానే మా జేజి ముక్కున వేలేసుకుని, "సీతమ్మని ముప్పైమూడేళ్ళు ఆడ పెట్టి ఈయన ఏం చేస్తన్నాడంటా?" అని నన్ను నిలదీసింది. ఒక్క జాగ్రత్త, ఏ పార్టీ అన్న మాట వచ్చిందంటే క్విజ్ పోయి ఎలక్షన్ మొదలవుతుంది, వెంటనే తర్వాతి ప్రశ్నకి దూకేయండి.

జవాబు రాసుకునే ముందు ఒకటికి రెండు చోట్ల చూసుకోవాలి, ఇది నా అనుభవం. మొదటి ఏడాది "అమృతం సీరియల్లో అమృతరావు ఎవరు?" అని అడిగి, కాగితం మీద శివాజీరాజా అని రాసిపెట్టుకున్నా. పిన్నమ్మ నరేష్ అంది, బావ హర్షవర్ధన్ అన్నాడు, చిన్నాయన శివాజీరాజా అని పంచె సర్దుకుని లేచాడు. ముగ్గురూ కరెక్టే! 2001 నుంచి 2007 దాకా నడిచిన సీరియల్, అమృతరావు మారుతూనే పోయాడు. మార్కులు ఎవరికివ్వాలో తెలీక టెన్షన్‌తో చెమటలు పట్టి, ఆ పూటకి క్విజ్ ఆపేశా. ఇప్పుడు తిరగేసి అడుగుతున్నా, ముగ్గురు అమృతరావులని భరించిన ఆంజనేయులు ఎవరు అని. గుండు హనుమంతరావు, గొడవే లేదు.

మధ్యలో అందరినీ కదిలించే రౌండ్ ఒకటి ఉండాలి. 1983 నవంబరు 14న దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివిన శాంతిస్వరూప్ గారికి టెలీప్రాంప్టర్ లేదు, ముందే బట్టీ పట్టి చెప్పేవారు. ఆ రోజు పేపర్లో ఒక వార్త ఇచ్చి ఒక్క నిమిషం చదవనివ్వండి, పేపర్ లాక్కుని, కెమెరా వైపు చూస్తున్నట్టు చెప్పమనండి. మా బావ రొయ్యల ధర వార్త మొదలుపెట్టి వాతావరణంలో తేలాడు.

ఎస్పీ బాలు గారి మీద మాత్రం నెల్లూరు వాళ్ళని అడగొద్దు, పాడుతా తీయగా మొదలుకొని తిప్పరాజువారి వీధి ఇల్లు వేద పాఠశాలకి ఇచ్చినదాకా అన్నీ చెప్పేస్తారు. ఒంగోలు నుంచి వచ్చిన అల్లుడికి వేయండి.

ఫోన్లన్నీ ఒక గిన్నెలో వేసి జేజి ఒళ్ళో పెట్టాలి, ఆమె దగ్గర నుంచి ఎవడూ తీసుకోలేడు. పదిహేను ప్రశ్నలు చాలు. బహుమతికి మలై కాజా తెప్పించండి, కాకపోతే డబ్బా కనిపించేట్టు పెట్టకండి, క్విజ్ అయ్యేలోపు ఖాళీ అవుతుంది.

రెండు జట్లకీ సమానంగా మార్కులొస్తే వేయడానికి ఒక ప్రశ్న దాచుకోండి. "తెలుగునాట టీవీ రాకముందే పేరులో టీవీ పెట్టుకున్న మన జిల్లా నటుడు ఎవరు?" జగదేవిపేటలో పుట్టిన రమణారెడ్డి గారు. పూర్తి పేరు తిక్కవరపు వెంకటరమణారెడ్డి, పొట్టిగా రాస్తే టీ.వీ. రమణారెడ్డి. ఆయన పోయింది 1974లో, హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైంది 1977లో. పోయినేడు ఇది చెప్తే చిన్నాయన ఐదు నిమిషాలు ఏమీ అనకుండా కూర్చుని, "ఇది ప్రశ్న కాదు అబ్బయ్యా, మోసం" అని కాజా డబ్బా తీసుకుని లోపలికి పోయాడు.