స్టిక్, స్ప్రే, పౌడర్ సన్‌స్క్రీన్ వాడే ముందు జాగ్రత్తలు

ఏ రకం కొన్నా ఎస్‌పీఎఫ్ (ఎండకు చర్మం కమిలిపోకుండా ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 30కి తగ్గకుండా, 'బ్రాడ్ స్పెక్ట్రమ్' (ఎండలోని యూవీఏ, యూవీబీ అనే రెండు రకాల అతినీలలోహిత కిరణాల నుంచీ కాపాడేది) అని రాసి ఉందో లేదో చూడండి. గడువు తేదీ కూడా. కొత్తదైతే మోచేతి లోపలివైపు కొద్దిగా రాసి ఒక రోజు ఆగండి.

ఎక్కువ జాగ్రత్త స్ప్రేతోనే. ముఖం మీద నేరుగా కొట్టొద్దు, అరచేతిలో కొట్టుకుని రాసుకోండి. ఆ తుంపరలు పీల్చకూడదు. ఫ్యాన్ కింద సగం గాల్లోనే పోతుంది. చాలా స్ప్రేలకు మంట అంటుకుంటుంది, అందుకే స్టవ్, దీపం దగ్గర అసలు వద్దు.

స్టిక్‌ను ఒక్కసారి గీసి వదిలేయకండి. ఒక్కోచోట మూడు నాలుగుసార్లు అటూ ఇటూ రుద్ది, వేళ్లతో సర్దండి.

పాపిడికి పౌడర్ బాగుంటుంది కానీ, ఎండలో ఎక్కువసేపు తిరిగేటప్పుడు అదొక్కటే చాలదు. జుట్టుకు కొట్టే యూవీ స్ప్రే వెంట్రుకలకే, మాడుకు కాదు. తిరుమలలో గుండు చేయించుకుని వచ్చినవాళ్లూ, కత్తి గాట్లుంటే వాటి మీద ఏమీ రాయకండి, టోపీ పెట్టుకోండి.

పెదవులకు ఎస్‌పీఎఫ్ ఉన్న బామ్. టీ తాగాక, భోంచేశాక మళ్లీ రాయాలి.

బయల్దేరడానికి 15 నిమిషాల ముందే రాసుకోండి, ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ. ఆరు నెలల్లోపు పిల్లలకు మాత్రం ఇవేవీ వద్దు, వాళ్లను నీడలోనే ఉంచండి.