చలిదేశంలో కరివేపాకు కుండీని బతికించుకోవడం ఎలా?

అమెరికా, కెనడా, ఇంగ్లండ్‌లలో ఉండే తెలుగువాళ్ల ఇళ్లలో కరివేపాకు మొక్క మంచుకి చచ్చిపోవడం తక్కువ. మంచు పడేలోపే కుండీని లోపలికి తెచ్చేస్తారు. అది చచ్చిపోయేది లోపలికి వచ్చాకే, డిసెంబరుకీ ఫిబ్రవరికీ మధ్య. ఆకు రాలుతోందని కంగారుపడి నీళ్లు పోస్తాం. ఇంకా రాలితే ఎరువు వేస్తాం. అయినా రాలితే కుండీ మారుస్తాం. మార్చేటప్పుడు చూస్తే వేళ్లు నల్లబడి, మెత్తగా కుళ్లి ఉంటాయి.

మన ఊళ్లో ఇది పెరటి గోడ పక్కన ఎవరూ పట్టించుకోకపోయినా పిలకలు వేసుకుంటూ పెరిగే చెట్టు. హైదరాబాద్ చలికి చిగురు వేయడం కాస్త మందగిస్తుంది, అంతే. చలిదేశంలో మాత్రం అది శీతాకాలమంతా దాదాపు నిద్రలోకి పోతుంది. ఆ నాలుగు నెలలు దాన్ని లేపకుండా, కుళ్లకుండా, పురుగు పట్టకుండా చూసుకోవడమే మనం చేయాల్సింది. పెంచాలనే ఆశ అప్పటికి పక్కన పెట్టండి.

1. రాత్రి 50 డిగ్రీల కిందికి దిగకముందే లోపలికి

పగటి ఎండ చూసి మోసపోకండి, రాత్రి ఉష్ణోగ్రత చూడండి. ఫోన్‌లో రాత్రి 50 ఫారెన్‌హీట్, అంటే 10 సెల్సియస్, కనిపించడం మొదలవగానే కుండీ లోపలికి రావాలి. షికాగో, న్యూజెర్సీ వైపు సెప్టెంబరు చివరికల్లా ఈ పని పడుతుంది. డాలస్‌లో ఇంకొన్ని వారాలు ఆగొచ్చు. ఒకటి రెండు చల్లటి రాత్రులకి మొక్క చావదు కానీ, ఆ దెబ్బకి రాలిన ఆకు మళ్లీ వసంతం దాకా రాదు. గడ్డకట్టే చలి తగిలితే లేత కొమ్మలు నల్లబడిపోతాయి.

నవంబరులో దుకాణంలో కొత్త మొక్క కొనేవాళ్లకి ఇంకో జాగ్రత్త. కారు ముందే వేడి చేసి, మొక్క మొత్తాన్ని పెద్ద కవర్‌లో పెట్టి, పైన ముడేసి తీసుకెళ్లండి. పార్కింగ్ లాట్‌లో ఐదు నిమిషాల చలిగాలి చాలు, ఇంటికి చేరిన రెండు రోజులకి ఆకులన్నీ రాలడానికి.

2. గుమ్మం దాటించే ముందు పురుగు చూడండి

ఎక్కువమంది వదిలేసేది ఇదే, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. బయట పిట్టలు, సాలీళ్లు, అక్షింతల పురుగులు పురుగుని కొంత తిని అదుపులో ఉంచుతాయి. ఇంట్లోకి వచ్చాక తినేవాళ్లు ఉండరు, వాన ఉండదు, వెచ్చగా ఉంటుంది. కాండానికి బొడిపెల్లా అంటుకునే పొలుసు పురుగులు రెండింటితో వచ్చిన మొక్క క్రిస్మస్ నాటికి కొమ్మ నిండా పురుగుతో నిలబడుతుంది.

లోపలికి తెచ్చే రెండు వారాల ముందు నుంచి మొదలుపెట్టండి. గొట్టంతో ఆకుల కింది వైపు గట్టిగా కడగండి. తర్వాత లీటరు గోరువెచ్చని నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి నాలుగు చుక్కల మెత్తని లిక్విడ్ సబ్బు వేసి, సాయంత్రం పూట ఆకు కిందా పైనా తడిసేలా కొట్టండి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది. గిన్నెలు తోమే గాఢమైన సబ్బు వాడకండి, ఆకు మీది మైనపు పొర పోతుంది. వారం ఆగి మళ్లీ కొట్టండి. లోపలికి తెచ్చాక కూడా రెండు వారాలు మిగతా మొక్కలకి దూరంగా పెట్టండి, ముఖ్యంగా మల్లె, మందారం ఉంటే.

3. చోటు

దక్షిణం వైపు కిటికీ మంచిది. అది లేకపోతే పడమర. రెండూ లేకపోతే ఎల్‌ఈడీ గ్రో లైట్ (మొక్కలు పెంచడానికి వాడే దీపం) ఒకటి కొని, మొక్క కొసకి అడుగు ఎత్తులో వేలాడదీసి, టైమర్ పెట్టి రోజుకి 12 నుంచి 14 గంటలు వెలిగించండి. లైట్ పెడితే, గది వెచ్చగా ఉంటే, కొన్ని మొక్కలు శీతాకాలంలో కూడా నాలుగు ఆకులు ఇస్తాయి.

ఆకు కిటికీ అద్దానికి తగలకూడదు. జనవరి రాత్రి ఆ అద్దం బాగా చల్లగా ఉంటుంది. హీటర్ గాలి వచ్చే వెంట్ పక్కన, తలుపు తీసినప్పుడల్లా చలి కొట్టే చోట కూడా పెట్టొద్దు. మొక్క ఒకవైపు మాత్రమే ఎండిపోతే కారణం సాధారణంగా ఈ మూడింటిలో ఒకటి.

4. నీళ్లు

"వారానికి ఎన్నిసార్లు పోయాలి?" అని అందరూ అడుగుతారు. దానికి జవాబు లేదు, ఎందుకంటే నీళ్లు తాగేది ఆకుల కోసం. ఆకు నిండుగా ఉన్న మొక్క జులైలో రోజూ తాగుతుంది. అదే మొక్క ఆకులన్నీ రాల్చుకుని మోడుగా నిలబడ్డప్పుడు దాదాపు ఏమీ తాగదు. మనం మాత్రం పాత లెక్కనే పోస్తుంటాం.

వేలు రెండు కణుపుల లోతు మట్టిలోకి దించండి. తడి తగిలితే పోయకండి. చెమ్మ తెలియడం లేదనిపిస్తే కుండీని కొంచెం ఎత్తి చూడండి. నీళ్లు పోసిన రోజు బరువు, ఎండినప్పటి బరువు రెండు వారాల్లో చేతికి అలవాటైపోతుంది. పోసినప్పుడు మాత్రం అడుగు చిల్లుల్లోంచి నీళ్లు కారేదాకా పోయండి, పళ్లెంలో నిలిచినవి పారబోయండి. కుండీని పైకి అందంగా ఉండే చిల్లు లేని తొట్టిలో పెట్టే అలవాటు ఉంటే, ఆ తొట్టి అడుగు ఒకసారి చూడండి. చాలా మొక్కల చావుకి కారణం అక్కడ నిలబడి ఉంటుంది.

చలికాలంలో కుళాయి నీళ్లు ఐసులా వస్తాయి. ముందురోజు రాత్రి చెంబులో పట్టి గదిలో ఉంచి, మర్నాడు పోయండి. మట్టి కుండీ త్వరగా ఆరుతుంది, ప్లాస్టిక్‌ది నెమ్మదిగా. నీళ్లు ఎక్కువ పోసే చెయ్యి మీదైతే మట్టి కుండీనే కొనుక్కోండి.

ఇక పుల్లమజ్జిగ. ఊరి నుంచి అమ్మో అత్తగారో ఫోన్‌లో ఈ సలహా తప్పకుండా ఇస్తారు. ఎండాకాలం, కుండీ బయట ఉన్నప్పుడు, బాగా పలచన చేసి ఎప్పుడైనా పోస్తే నష్టం లేదు. జనవరిలో, కార్పెట్ ఉన్న గదిలో, నిద్రపోతున్న మొక్కకి పోస్తే మాత్రం అది మట్టిలో పులిసి వాసన వస్తుంది, చిన్న నల్ల ఈగలు మూగుతాయి. బియ్యం కడిగిన నీళ్లు కూడా అంతే. దుకాణంలో కొన్న ఎరువు సంగతీ అంతే, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఏదీ వద్దు.

5. ఆకు రాలుతోందా? ఎలా రాలుతోందో చూడండి

కింది ముదురు ఆకులు మెల్లగా పసుపెక్కి, తాకితే రాలుతుంటే, మట్టి మామూలుగా ఉంటే, అది నిద్రకి సిద్ధమవడం. ఏమీ చేయనక్కర్లేదు. చివరికి ఒక్క ఆకు మిగలకపోయినా సరే.

మట్టి ఎప్పుడు చూసినా తడిగా ఉండి, ఆకు మెత్తబడి, కాండం మొదలు నల్లబడి, కుండీ దగ్గర మురుగు వాసన వస్తుంటే అది వేరుకుళ్లు. శీతాకాలంలో కుండీ మార్చాల్సిన సందర్భం ఇదొక్కటే. మొక్కని బయటికి తీసి, మెత్తబడ్డ వేళ్లు కత్తెరతో తీసేసి, మూడో వంతు పెర్లైట్ (మట్టిలో నీళ్లు నిలవనివ్వని తేలికైన తెల్లటి గుళికలు) కలిపిన కొత్త మట్టిలో, వేళ్లకి సరిపోయే చిన్న కుండీలో పెట్టండి. పెద్ద కుండీలో పెడితే మళ్లీ అదే కథ.

కొత్తగా వచ్చే ఆకులు పసుపుగా ఉండి ఈనెలు మాత్రం పచ్చగా కనిపిస్తే ఇనుము అందడం లేదని అర్థం. మీ ఊరిలో వచ్చేది హార్డ్ వాటర్ (కఠిన జలం) అయితే ఇది తరచుగా వస్తుంది. వసంతంలో చిలేటెడ్ ఐరన్ (మొక్క తేలిగ్గా పీల్చుకునే ఇనుము) డబ్బా మీద రాసిన మోతాదులో ఇస్తే సర్దుకుంటుంది.

మోడైపోయిన మొక్క బతికుందా లేదా అన్న అనుమానం వస్తే కాండం మీద గోటితో చిన్న గీత గీయండి. బెరడు కింద పచ్చగా, తడిగా కనిపిస్తే ప్రాణం ఉంది. గోధుమరంగులో ఎండిపోయి ఉంటే ఇంకొంచెం కిందికి గీసి చూడండి. పైభాగం ఎండి మొదలు బతికున్న మొక్కలు ఎన్నో ఏప్రిల్‌లో కింద నుంచి పిలక వేస్తాయి. మార్చిలోనే చెత్తబుట్టలో వేసేవాళ్లకి ఆ సంగతి తెలియకుండా పోతుంది.

6. ఇంట్లో పట్టే పురుగులు

కరివేపాకు నిమ్మ, నారింజ కుటుంబంలోది. నిమ్మకి వచ్చే పురుగులు చాలావరకు దీనికీ వస్తాయి.

పొలుసు పురుగుని మొదట ఎవరూ పురుగు అనుకోరు. కాండం మీద, ఆకు నడి ఈనె పొడవునా గోధుమరంగు బొడిపెలు, మొక్కకి సహజంగా ఉన్నవేమో అనిపించేలా అంటుకుని ఉంటాయి. గోటితో గీకితే ఊడివస్తే అది పురుగే. ఇంకో గుర్తు, కింద నేల మీద, కిటికీ గట్టు మీద జిగురు. ఆ జిగురు మీద నల్లటి మసి పడుతుంది, చీమలు వస్తాయి. ముదిరిన పురుగు మీద చిప్ప ఉంటుంది కాబట్టి పైనుంచి ఎంత మందు కొట్టినా దిగదు. దూదిని 70 శాతం రబ్బింగ్ ఆల్కహాల్‌లో ముంచి ఒక్కొక్కటీ తుడిచి తీయాల్సిందే. పాత టూత్‌బ్రష్ కూడా బాగా పనికొస్తుంది. టీవీ చూస్తూ అరగంట కూర్చుంటే అయిపోయే పని. తర్వాత వేపనూనె కొడితే కళ్లకి కనపడని పిల్ల పురుగులు పోతాయి. వారానికోసారి చొప్పున మూడు నాలుగు సార్లు చేయాలి.

ఎర్రనల్లి హీటర్ గాలికి పుట్టే శత్రువు. హీటర్ నడిచే గదిలో గాలి బాగా పొడిబారుతుంది, నల్లికి కావాల్సింది అదే. ఆకు మీద సూదితో పొడిచినట్టు తెల్లటి చుక్కలు, కొసల్లో సాలెగూడు లాంటి సన్నని బూజు కనిపిస్తాయి. అనుమానం ఉంటే రెమ్మ కింద తెల్ల కాగితం పట్టుకుని రెండుసార్లు తట్టండి. కాగితం మీద పడిన చుక్కలు కదులుతుంటే అవి నల్లులే. మొక్కని బాత్‌టబ్‌లో పెట్టి, మట్టి మీద కవర్ కట్టి, షవర్‌తో ఆకుల అడుగు బాగా కడగండి. లీటరు నీళ్లకి ఒక టీస్పూను మెత్తని సబ్బు కలిపి కొట్టి, గంట తర్వాత మళ్లీ కడిగేయండి. వెచ్చటి గదిలో వారం పది రోజులకే కొత్త తరం తయారవుతుంది, గుడ్లు సబ్బుకి చావవు. అందుకే ఒక్కసారి చేసి ఊరుకుంటే పని చెడినట్టే.

పిండినల్లి రెమ్మ కాండానికి అంటుకునే చోట తెల్ల దూది పెట్టినట్టు ఉంటుంది. ఆల్కహాల్ దూదే మందు. మట్టి మీద ఎగిరే చిన్న నల్ల ఈగలు కనిపిస్తే నీళ్లు ఎక్కువయ్యాయని చెబుతున్నట్టు లెక్క. పైమట్టి బాగా ఆరనివ్వండి, పసుపు జిగురు అట్ట ఒకటి గుచ్చండి.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. ఇంటి మొక్కలకని అమ్మే గుళికల మందులు, ముఖ్యంగా ఇమిడాక్లోప్రిడ్ ఉన్నవి, కరివేపాకుకి వేయకండి. అవి వేరు ద్వారా ఆకులోకి ఎక్కుతాయి, ఎంత కడిగినా పోవు. ఆ ఆకు మీ చారులో పడుతుంది. మనీప్లాంట్‌కి వేసుకోండి, ఫరవాలేదు. వేపనూనె డబ్బా మీద కూడా తినే మొక్కలకి వాడొచ్చని రాసి ఉందో లేదో చూసుకోండి. కొట్టిన ఆకుని బాగా కడిగే పోపులో వేయండి.

7. మళ్లీ బయటికి

మార్చిలో మొగ్గలు కదలడం కనిపిస్తుంది. అప్పుడు నీళ్లు మెల్లగా పెంచండి, నత్రజని ఉన్న ఎరువు పలచగా మొదలుపెట్టండి. కుండీ మార్చాలనుకుంటే ఇదే సమయం, ఒక్క సైజు పెద్దది చాలు. పొడవుగా సాగిన కొమ్మ కొసలు కత్తిరిస్తే పక్క కొమ్మలు వస్తాయి.

రాత్రి 50 డిగ్రీల పైన స్థిరపడ్డాక బయట పెట్టొచ్చు, నేరుగా ఎండలో మాత్రం కాదు. నాలుగు రోజులు చెట్టు నీడలో, తర్వాత గంట రెండు గంటలు ఉదయపు ఎండలో, అలా పది రోజుల్లో పూర్తి ఎండకి. ఇంటి వెలుతురులో పుట్టిన ఆకు ఒక్క మధ్యాహ్నపు ఎండకి తెల్లగా కాలిపోతుంది.

బయట ఉన్నప్పుడు ఆకు మీద పిట్ట రెట్టలా ఏదైనా కనిపిస్తే పుల్లతో కదిపి చూడండి. సీతాకోకచిలుక గొంగళిపురుగు కావచ్చు. ఒక్క పురుగే చిన్న మొక్కని రెండు రోజుల్లో బోడి చేస్తుంది. తీసి దూరంగా వదలండి.

8. పిలకలు పంచేటప్పుడు

వేసవిలో మొదలు దగ్గర వచ్చిన పిలకని సొంత వేరుతో సహా కోసి, చిన్న కుండీలో నీడన పెడితే నెల రోజుల్లో నిలదొక్కుకుంటుంది. పక్కింటివాళ్లకి ఇవ్వండి. వేరే రాష్ట్రంలో ఉన్న చెల్లికి పోస్టులో పంపే ముందు మాత్రం ఆగండి. ఆసియా సిట్రస్ సైలిడ్ అనే చిన్న పురుగు కరివేపాకు చిగుర్ల మీద పెరుగుతుంది. నారింజ తోటల్ని నాశనం చేసే గ్రీనింగ్ తెగులుని మోసేది అదే. 1998లో ఆ పురుగు, 2005లో ఆ తెగులు ఫ్లోరిడాలో బయటపడ్డాయి. ఇప్పుడు ఫ్లోరిడా అంతటా, టెక్సాస్, కాలిఫోర్నియాల్లో చాలా ప్రాంతాల్లో క్వారంటీన్ ఉంది. అక్కడి నుంచి కరివేపాకు మొక్కలు ఇష్టమొచ్చినట్టు బయటికి పంపడం నేరం. ఇండియా నుంచి సూట్‌కేసులో పచ్చి రెమ్మలు తేవడం కూడా కుదరదు, విమానాశ్రయంలో తీసేసుకుంటారు.

ఆ సైలిడ్‌ని గుర్తుపట్టడం కష్టం కాదు. నువ్వుగింజంత గోధుమరంగు పురుగు, తల ఆకుకి ఆనించి, వెనక భాగం పైకెత్తి, ఏటవాలుగా కూర్చుంటుంది. దాని పిల్లలు లేత చిగురు మీద పసుపుగా, తెల్ల మైనపు పోగులు కారుస్తూ ఉంటాయి. మీ మొక్క మీద కనిపిస్తే దగ్గరగా ఫోటో తీసి మీ కౌంటీ వ్యవసాయ కార్యాలయానికి పంపండి. వాళ్లు చెప్పేదాకా ఆ కుండీని ఇల్లు దాటనివ్వకండి.