ఎంఆర్‌ఐ లోపల పనిచేసే రోబో క్యాథెటర్: వేడి నుంచి మొదలుపెట్టండి

రోబో క్యాథెటర్ అంటే రక్తనాళం గుండా గుండెదాకా పంపి, యంత్రంతో నడిపే సన్నటి గొట్టం. ఎంఆర్‌ఐ గదిలోకి ఇలాంటి పరికరం అనగానే అందరికీ అయస్కాంతం లాగేస్తుందన్న భయమే. ఇనుము తీసేస్తే ఆ గొడవ చాలావరకు తీరుతుంది. తీరనిది వేడి. 1.5 టెస్లా స్కానర్ పంపే రేడియో తరంగాలు సుమారు 64 మెగాహెర్ట్జ్. ఒంట్లో వాటి తరంగదైర్ఘ్యంలో సగం దాదాపు 25 సెం.మీ. మామూలు క్యాథెటర్ గోడలోని స్టీలు అల్లిక యాంటెన్నాలా ఆ శక్తిని పట్టి, కొసన గుండె గోడ మీద వదులుతుంది. నిటినాల్, రాగి అయస్కాంతానికి అంటుకోవు గానీ ఈ పనిలో స్టీలుకేమీ తీసిపోవు.

అందుకే అల్లికకు అరామిడ్ నూలు (కెవ్లార్ లాంటి గట్టి కృత్రిమ పోగు) వాడండి. కొసను లాగి వంచే లోహపు తీగల బదులు పాలిథిలిన్ దారం వేయండి. ఈ దారం లాగుడు మీద మెల్లగా సాగుతుంది. బిగించే ముందు ఒక రాత్రంతా బరువు కట్టి వేలాడదీయండి, అయినా వాడే ప్రతిసారీ సున్నా (కొస వంగకుండా ఉండే స్థానం) సరిచూసుకోవాల్సిందే. అరామిడ్‌కు స్టీలంత బిర్రు ఉండదు: పిడి తిప్పితే కొస కాసేపు కదలదు, తర్వాత ఒక్కసారిగా గిర్రున తిరుగుతుంది. వంపు తిరిగిన గొట్టంలో పెట్టి, రెండు చివర్ల కోణాలూ కొలిచి ఈ తేడా పట్టుకోండి.

మామూలు మోటార్లలో శాశ్వత అయస్కాంతాలుంటాయి, పనికిరావు. నీటి హైడ్రాలిక్స్ మా మొదటి ఎంపిక. గాలి నొక్కుకుపోతుంది కాబట్టి పొడవాటి గొట్టంలో గుండె వేగాన్ని అందుకోలేదు. నీటిలోనూ ఒక్క బుడగ మిగిలినా పిస్టన్ స్పాంజిలా మెత్తబడుతుంది, ముందే వాక్యూమ్‌తో గాలి తీసేయండి. నీటి గొట్టాలు స్కానర్ గది గోడలోని వేవ్‌గైడ్ (బయటి రేడియో సంకేతాలను ఆపే లోహపు గొట్టం) గుండా రావచ్చు. అదే దారిలో లోహపు తీగ దూర్చారో, బయటి రేడియో సంకేతాలు లోపలికొచ్చి బొమ్మ మీద జిప్పులాంటి గీతలు పడతాయి.

క్యాథెటర్ వంపు కొలవడానికి బ్రాగ్ గ్రేటింగ్ (సాగితే వెనక్కి పంపే కాంతి రంగు మారే సన్నటి గీతల వరుస) ఉన్న మూడు ఆప్టికల్ ఫైబర్లు 120 డిగ్రీల ఎడంలో అమర్చండి. క్యాథెటర్‌లో పారే సెలైన్ చల్లదనం కూడా వాటికి సాగుడులాగే కనిపిస్తుంది. మూడింట్లో సమానంగా వచ్చిన మార్పును తీసేస్తే మిగిలేది వంపు.

గుండె విద్యుత్ సంకేతాలు పట్టే ఎలక్ట్రోడ్ తీగలు మాత్రం తప్పవు. అధిక నిరోధకత ఉన్న సన్నటి తీగలు తీసుకుని, అక్కడక్కడా చోక్‌లు (రేడియో ప్రవాహాన్ని అడ్డుకునే చుట్టలు) వేయండి. ఆపైన ఏఎస్‌టీఎం ఎఫ్2182 (ఎంఆర్‌ఐలో పరికరాల వేడిని కొలిచే ప్రమాణం) పద్ధతిలో జెల్ ఫాంటమ్‌లో, అంటే ఒంటికి బదులు జెల్ నింపిన తొట్టిలో, పరీక్ష. ఉష్ణోగ్రతకు ఫైబర్ ఆప్టిక్ ప్రోబే వాడాలి, అదీ కొసకు ఆనుకునే ఉండాలి. రెండు మూడు మిల్లీమీటర్లు జరిగినా అసలు వేడి దొరకదు. ఫాంటమ్‌ను స్కానర్ సొరంగం గోడకు దగ్గరగా పెట్టి, క్యాథెటర్‌ను రెండేసి సెంటీమీటర్లు లోపలికి తోస్తూ ప్రతి లోతులోనూ కొలవండి. ఎలక్ట్రోడ్ల కేబుల్‌ను సంకేతాలు పెంచే ఆంప్లిఫయర్‌కు తగిలించి ఒకసారి, ఊడదీసి ఇంకోసారి. ఒక అమరికలో చల్లగా ఉన్న కొస ఇంకో అమరికలో కాలిపోవచ్చు.