దత్తత కబురు కోసం ఎదురుచూసే ఇంట్లో జాగ్రత్తలు

నల్లగొండ, దేవరకొండ వైపు కారాలో (దత్తత వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) పేరు రాయించుకుని ఎదురుచూస్తున్నవాళ్లకు. మేమూ మూడో ఏడు లైన్లోనే ఉన్నాం.

• "ఆస్పత్రిలో పాప ఉంది, నేరుగా ఇప్పిస్తా" అనేవాళ్ల మాట వినొద్దు. బిడ్డను కొన్నా అమ్మినా 5 ఏళ్ల దాకా జైలు, లక్ష జరిమానా. అంతకన్నా ఘోరం, అమ్మా అని పిలవడం మొదలుపెట్టిన బిడ్డను మళ్లీ తీసుకెళ్తారు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి.

• రిజిస్టర్ చేసిన నంబరు ఆగిపోనివ్వొద్దు. బిడ్డ వివరాలు వచ్చాక రిజర్వు చేసుకోవడానికి 48 గంటలే టైం. మా ఆయనకు చేను కాడ సిగ్నల్ అందదు, అందుకే మెయిల్ నేనే రోజూ రెండుసార్లు చూస్తా.

• హోమ్ స్టడీ రిపోర్టు (మన ఇల్లు, పరిస్థితి చూసి రాసేది) చెల్లేది 3 ఏళ్లే. గడువు తేదీ క్యాలెండర్ మీద రాసుకోండి.

• బట్టలు ముందే కొనొద్దు, ఏ వయసు బిడ్డ వస్తుందో తెలియదు. ఆత్రం ఆపుకోలేక నేను కొన్న ముడుల జుబ్బాలు నాలుగు, బీరువాలో కలరా ఉండల వాసన పట్టాయి.

• తాగడానికీ వంటకీ బోరు నీళ్లు వద్దు. మన దగ్గర ఫ్లోరైడ్ ఎక్కువ, కాచినా పోదు. మిషన్ భగీరథ నల్లా నీళ్లు ఇప్పటినుంచే అలవాటు చేసుకోండి.

• పెళ్లిళ్లలో "ఇంకా రాలేదా?" అని అడుగుతారు. జవాబు చెప్పే పని మా అత్తమ్మకు అప్పజెప్పాను, సగం టెన్షన్ పోయింది.