లోన్ రిజెక్ట్ చేసేరా? స్కోరు కాదు, ముందు రిపోర్టు తీయండి

ఒడిశాలో, ఆంధ్రా బోర్డర్ పక్కనున్న పర్లాకిమిడిలో జన సేవా కేంద్రం నడుపుతున్నాను. వారంలో ఇద్దరు ముగ్గురైనా బ్యాంకువాళ్లు లోన్ ఇవ్వలేదు బాబూ ఇప్పుడేటి చెయ్యాలి అని వస్తారు. క్రెడిట్ రిపోర్టు తీసేరా అని అడుగుతాను. తీసేం అంటారు, తీరా చూస్తే ఫోన్‌లో ఏదో యాప్, ముల్లు తిరిగే బొమ్మ, పక్కన మూడంకెల నంబరు. అది స్కోరు అండీ, రిపోర్టు కాదు. జ్వరం ఎంతుందో చెప్తుంది గానీ ఎందుకొచ్చిందో చెప్పదు. కారణం ఉండేది పూర్తి రిపోర్టులో, ఖాతా ఖాతాకీ నెల నెలకీ రాసి ఉంటుంది.

మన అప్పుల లెక్కలు రాసి ఉంచే కంపెనీల్ని బ్యూరోలు అంటారు, మన దేశంలో అవి నాలుగు, ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హై మార్క్. నాలుగూ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఫ్రీగా ఇవ్వాలి, వాళ్ల సొంత వెబ్‌సైట్‌లోనే తీసుకోవచ్చు. మీ రిపోర్టు మీరు చూసుకుంటే స్కోరు తగ్గదు, ఆ భయం పెట్టుకోకండి. ఒక బ్యాంకు కాదన్నాదని కోపంతో అదే వారం ఇంకో నాలుగు చోట్ల అప్లై చేస్తారు చూడండి, అప్పుడు తగ్గుతుంది. దయచేసి ఆ పని చెయ్యొద్దు.

సమస్య: సిబిల్ బాలేదు అని నోటిమాట చెప్పి పంపించేసేరు

ఇక్కడ కారణం మనం కాగితం అడగకపోవడమే. లోన్ ఎంత చిన్నదైనా, క్రెడిట్ కార్డు అప్లికేషనైనా సరే, కాదంటే ముఖ్యమైన కారణం రాతలో ఇవ్వాలని ఆర్‌బీఐ 2007లోనే బ్యాంకులకి చెప్పింది. బ్యాంకు మీ మీద ఏ క్రెడిట్ రిపోర్టు చూసిందో దాని కాపీ అడిగే హక్కు కూడా 2005 నాటి చట్టంలో ఉంది, కాపీకి కొంచెం చార్జీ పడొచ్చు. రెండు లైన్ల లెటరు రాయండి, రిజెక్ట్ చేసిన కారణం రాతలో ఇవ్వండి, మీరు చూసిన రిపోర్టు కాపీ ఇవ్వండి, అంతే. జిరాక్స్ మీద బ్యాంకు సీలు, తేదీ వేయించుకోండి. ఆ తేదీ తర్వాత చాలా పనికొస్తుంది.

లెటర్లో లోన్ ఎందుకివ్వరు, వాళ్లకిచ్చేరు మాకివ్వలేదేం అని మాత్రం రాయకండి. లోన్ ఇవ్వాలా వద్దా అన్నది బ్యాంకు వ్యాపార నిర్ణయం, దాని మీద కంప్లైంట్ పెడితే అంబుడ్స్‌మన్, అంటే బ్యాంకుల మీద కంప్లైంట్లు వినే ఆర్‌బీఐ అధికారి, దగ్గర కూడా నిలబడదు. కారణం రాతలో ఇవ్వలేదు, నా మీద తప్పు సమాచారం ఉంది అని పెడితే నిలబడుతుంది. మనం కొట్లాడాల్సింది తప్పు రికార్డు మీద. ఇంతమంది ఇంత తిరిగి అలిసిపోయేది ఈ ఒక్క తేడా తెలీకే.

సమస్య: ఎప్పుడూ కిస్తీ తప్పలేదు, అయినా రిపోర్టులో లేటు అని ఉంది

దీని గురించి పూర్తిగా చెప్తాను, ఎందుకంటే దీన్ని పట్టుకోలేక ఒకావిడకి నేనే రెండు నెలలు నష్టం చేసేను.

మా వీధిలో బట్టలు కుట్టే పిన్ని ఒకరున్నారు, షాపు పెట్టుకుందామని చిన్న వ్యాపారాలకిచ్చే ముద్రా లోన్లలో కిశోర్ కింద, అంటే 50 వేలు దాటి 5 లక్షల దాకా ఇచ్చేది, 2 లక్షలకి పెట్టుకున్నారు. రిజెక్ట్. ఆవిడకున్నది ఒక్క గ్రూపు లోను, ఒక్క వారం కూడా కట్టకుండా లేరు. నేను రిపోర్టు తీసేను గానీ పైపైన చూసేను, లేటు కిస్తీలు కనబడ్డాయి, గ్రూపు లీడరు డబ్బు ఆలస్యంగా జమ చేసుంటుందిలే అనుకుని ఆర్నెల్లు ఆగండి పిన్నీ సర్దుకుంటుంది అని చెప్పీసేను. ఆవిడ వెళ్లి లీడరుతో గొడవ పడ్డారు, లీడరు తప్పు అందులో వీసమంత లేదు. రెండు నెలల తర్వాత వేరే పని మీద అవే కాగితాలు తిరగేస్తుంటే అప్పుడు కనబడింది, ఆ లేటు ఖాతా ఇచ్చిన ఫైనాన్స్ కంపెనీ పేరే పిన్ని ఎప్పుడూ వినలేదు. ఆ అప్పు పక్క ఊళ్లో ఇంకో ఆవిడది.

ఎలా కలిసిపోయిందంటే, ఇది మన బోర్డర్ ఊళ్లలో ఎక్కువ. ఒడియాలోకి వెళ్లేసరికి మన వ బ అయిపోతుంది, వరలక్ష్మి బరలక్ష్మి, వెంకట్రావు బెంకట్రావు. దాన్ని మళ్లీ ఇంగ్లీషులో కొట్టినప్పుడు లక్ష్మిలో కే ఎస్ హెచ్ పోయి ఎక్స్ వస్తుంది. ఇంటిపేరు ఆధార్‌లో ముందుంటుంది, పాన్‌లో వెనక, ఓటరు కార్డులో అసలుండదు. పుట్టిన తేదీ తెలీక వయసు మాత్రం చెప్పినవాళ్లకి ఆధార్‌లో జనవరి 1 పడింది, అలాంటోళ్లు ఊరికి ఎంతమంది ఉంటారో మీకే తెలుసు. పిన్‌కోడ్ ఏమో అందరికీ 761200. గ్రూపు లోన్లు చాలావరకు పాన్ లేకుండా ఓటరు కార్డు మీదే ఇచ్చేస్తారు, పాన్ లేనప్పుడు బ్యూరో కంప్యూటరు పేరు, తేదీ, అడ్రసు, ఫోను చూసి ఇద్దరూ ఒకరే అనుకుంటుంది. అదే వ్యవహారం ఒక బ్యూరోలో కలిసిపోయి ఇంకో దాంట్లో శుభ్రంగా ఉండొచ్చు, అందుకే యాప్‌లో స్కోరు బాగుండి బ్యాంకులో బాగోదు, వాళ్లు చూసిన బ్యూరో వేరు.

పట్టుకోవడం ఎలాగంటే, స్కోరు పేజీ వదిలేసి పేరు, అడ్రసులు, ఐడీలు ఉన్న పేజీకి వెళ్లండి. మీరెప్పుడూ ఉండని ఊరు, మీది కాని ఓటరు నంబరు, తెలీని ఫోను నంబరు, ఏదైనా ఒక్కటి కనబడినా అనుమానించాల్సిందే. తర్వాత ఖాతాలు ఒక్కొక్కటీ, ఇచ్చిందెవరు, ఎంత, ఏ తేదీన, ఖాతా నంబరు చివరంకెలు, మీ పాస్‌బుక్, గ్రూపు పుస్తకంతో టిక్కు పెట్టుకుంటూ పోండి. టిక్కు పడనిది మీది కాదు. ఇంకో సంగతి, ఎవరైనా మీ రిపోర్టు తీస్తే మెసేజ్ రావాలి, ఫోన్ నంబరు తప్పుంటే ఆ మెసేజ్ ఇంకెవరికో పోతుంది, అందుకే ఆ నంబరు కూడా సరిచేయించండి.

ఇక సరిచేయడం. బ్యూరో వెబ్‌సైట్‌లో డిస్ప్యూట్, అంటే ఇది తప్పు అన్న ఫిర్యాదు, పెట్టాలి, ఫ్రీయే, ఆ ఖాతా ఎంచుకుని ఇది నాది కాదు అన్న దానికి టిక్కు పెట్టండి. బ్యాలెన్స్ తప్పు అన్న దానికి పెడితే ఖాతా మీదేనని మీరే ఒప్పుకున్నట్టు అవుతుంది, ఇది చాలామంది చేసే పొరపాటు. బ్యూరో తనంత తాను మార్చలేదు, అప్పిచ్చిన కంపెనీని అడుగుతుంది, ఆ కంపెనీ సరే అంటేనే మారుతుంది. అందుకని అదే రోజు ఆ కంపెనీకి కూడా లెటరు, మెయిలు పంపండి, ఆధార్, పాన్, ఓటరు కార్డు కాపీలు పెట్టి, ఈ అప్పు అప్లికేషన్ మీద ఉన్న ఫోటో, సంతకం నావి కావు, పోల్చి చూడండి అని రాయండి. ఆ ఫోటో మాటే పని చేస్తుంది, పిన్ని విషయంలో మొదట నాలుగు రోజులు పలకనివాళ్లు ఫోటో పోల్చమని రాసేక ఒప్పుకున్నారు.

కంపెనీకి 21 రోజులు, మొత్తం మీద 30 రోజులు గడువు. దాటితే రోజుకి 100 రూపాయలు మీకు కట్టాలి, కంపెనీ 21 రోజుల్లో సరిచేసి పంపకపోతే కంపెనీ, అది పంపినా బ్యూరో ఆలస్యం చేస్తే బ్యూరో. 2024 ఏప్రిల్ నుంచి ఉన్న రూలు ఇది. అప్పటికీ కదలకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి సీఎంఎస్ పోర్టల్‌లో కంప్లైంట్ పెట్టండి, 2022 సెప్టెంబరు నుంచి బ్యూరోల మీద కూడా తీసుకుంటున్నారు. 14448కి ఫోన్ చేస్తే తెలుగులో కూడా చెప్తారు. డబ్బు తీసుకుని సిబిల్ సరిచేస్తామనే ఏజెంట్లు బరంపురంలో ఉన్నారు, ఇక్కడా తిరుగుతున్నారు, ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి, వాళ్లు నొక్కేది కూడా ఇదే ఫ్రీ బటను.

మారిందని మెసేజ్ వచ్చేక మళ్లీ రిపోర్టు తీసి, మారకముందుదీ మారినదీ రెండూ పట్టుకుని అదే బ్రాంచికి వెళ్లండి, అప్లికేషన్ మళ్లీ చూడమని లెటరు ఇవ్వండి. కొత్త బ్యాంకు కన్నా ఇదే నయం, మీ కాగితాలన్నీ వాళ్ల దగ్గరే ఉన్నాయి.

మిగతావి

స్కోరు చోట మైనస్ 1 ఉంటే మీకు అప్పు చరిత్ర లేదని అర్థం, అది చెడ్డ మార్కు కాదు. మొదటిసారి అప్పు అడిగేవాళ్లని అదొక్కటే చూపించి కాదనకూడదని ఆర్‌బీఐ చెప్పింది, లెటర్లో అదే రాయండి.

అప్పు తీరిపోయినా సెటిల్డ్ అని ఉంటే సగం కట్టి రాజీ పడ్డారని లెక్క, మిగిలింది కట్టి ఎన్‌ఓసీ, అంటే ఇక బాకీ లేదన్న కాగితం, తీసుకుని క్లోజ్డ్‌గా మార్పించుకోవాలి. బావమరిదికి హామీ సంతకం పెట్టి మర్చిపోయినవాళ్లకి ఆ అప్పు కూడా రిపోర్టులో వస్తుంది, అది తప్పు కాదు, డిస్ప్యూట్ పెట్టి ప్రయోజనం లేదు, బావమరిదిని కట్టమనాలి.

రిపోర్టు శుభ్రంగా ఉండి కూడా కాదంటే కిస్తీల బరువు చూడండి, గ్రూపు లోన్లలో ఇంటిల్లిపాది కిస్తీలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. భూమి ఆంధ్రాలో పాతపట్నం వైపు ఉండి ఇల్లు ఇటుంటే ఆ గొడవ వేరు, భూమి ఉన్న వైపు బ్యాంకులోనే అడగండి.

మీ పేరు మీద ఎవరైనా కావాలనే అప్పు తీసేరంటే అది అరుదు, సైబర్ మోసాల నంబరు 1930కి, పోలీసులకి చెప్పాలి.

మా దగ్గరకి వచ్చేటప్పుడు ఆధార్, పాన్ అందరూ తెస్తారు. ఓటరు కార్డు కూడా తెండి, గ్రూపు పుస్తకం కూడా.