కార్డులు వరసగా రావట్లేదా? స్టాగర్ యానిమేషన్ సమస్యలు - పరిష్కారాలు

పేజీలో పన్నెండు కార్డులున్నాయి. 80 మిల్లీసెకన్ల తేడాతో ఒకదాని వెనక ఒకటి కింది నుంచి పైకి జరుగుతూ కనిపించాలి. ఇలా వంతులవారీగా రావడమే స్టాగర్. పేజీ రూపురేఖల్ని రాసే సీఎస్ఎస్‌లో ఇది నాలుగు లైన్ల పని. అది తేడా కొట్టినప్పుడు చాలామంది వేగం, ఈజింగ్ (మధ్యలో వేగం పెరిగి తగ్గే తీరు) మార్చి మార్చి చూస్తుంటారు. తప్పు అక్కడ ఉండటం తక్కువ. వంతు రాకముందు కార్డు ఎలా ఉంది, వంతు అయ్యాక దాని మీద ఏం మిగిలింది అన్నవి ముందు చూడండి.

అన్నీ ఒకేసారి కదులుతున్నాయి

బ్రౌజర్‌లో ఉండే డెవ్‌టూల్స్‌లో మూడో కార్డును ఎంచుకుని, కంప్యూటెడ్ ట్యాబ్‌లో యానిమేషన్-డిలే (కదలడానికి ముందు ఆగే సమయం) ఎంతుందో చూడండి. సున్నా సెకన్లు అని ఉంటే మీరు రాసిన విలువ చెల్లలేదన్నమాట. ఎక్కువసార్లు యూనిట్ మర్చిపోవడమే కారణం. ఇండెక్స్‌ను (సున్నా నుంచి లెక్కేసిన కార్డు వరస సంఖ్యను) ఉత్త 80తో గుణిస్తే కుదరదు, 80 మిల్లీసెకన్లతో గుణించాలి. పొడవుల దగ్గర సున్నాకి యూనిట్ అక్కర్లేదు గానీ, సమయం దగ్గర సున్నాకీ కావాలి.

జావాస్క్రిప్ట్‌లో, చెప్పిన సమయం తర్వాత పని చేయించే సెట్‌టైమ్‌అవుట్‌తో చేస్తుంటే, అది లూప్‌ను ఆపదని గుర్తుంచుకోండి. ప్రతి కార్డుకూ 80 ఇస్తే అన్ని టైమర్లూ దాదాపు ఒకేసారి మోగుతాయి. ఇండెక్స్‌తో గుణించండి. లూప్‌లో ఇండెక్స్‌ను 'వార్'తో ప్రకటించి ఉంటే 'లెట్' చేయండి, లేకపోతే టైమర్లు మోగేసరికి ఇండెక్స్ చివరి విలువ దాటిపోయి ఉంటుంది.

మొదటి కార్డే ఆలస్యంగా వస్తోంది

వరసలో స్థానాన్ని బట్టి ఎంచుకునే ఎన్‌త్-చైల్డ్ సెలెక్టర్ కార్డుల్ని మాత్రమే లెక్కపెట్టదు, ఆ డబ్బాలో ఉన్న శీర్షికనూ లెక్కేస్తుంది. శీర్షికను బయటికి తీయండి, లేదా ప్రతి కార్డుకూ దాని ఇండెక్స్‌ను కస్టమ్ ప్రాపర్టీగా (మనమే పేరు పెట్టుకునే సీఎస్ఎస్ విలువగా) ఇవ్వండి. రెండోదే నయం.

కార్డు ఒకసారి మెరిసి, మాయమై, మళ్లీ వస్తోంది

డిలే నడుస్తున్నంతసేపూ కీఫ్రేమ్స్ (యానిమేషన్ మొదట, చివర ఎలా ఉండాలో రాసేవి) అమల్లోకి రావు. ఎనిమిదో కార్డు 560 మిల్లీసెకన్లు మామూలుగా కనిపిస్తూ కూర్చుంటుంది. వంతు రాగానే ఒపాసిటీ (ఎంత స్పష్టంగా కనిపించాలన్నది) సున్నాకి పడి, అక్కడి నుంచి మొదలవుతుంది. యానిమేషన్-ఫిల్-మోడ్‌ను బ్యాక్‌వర్డ్స్ చేస్తే డిలే మొదలైనప్పటి నుంచే మొదటి ఫ్రేమ్ వర్తిస్తుంది.

ఇక్కడ చాలామంది 'బోత్' అని పెట్టేస్తారు. అప్పటికి పని జరుగుతుంది, తర్వాతి సమస్యకి మాత్రం అదే మూలం.

వచ్చాక హోవర్ పనిచేయట్లేదు

మౌస్ పెడితే కార్డు కాస్త పైకి లేవాలని, దాన్ని జరిపే ట్రాన్స్‌ఫామ్ రాశారు, కార్డు ఉలకదు పలకదు. యానిమేషన్ అయిపోయినా 'బోత్' దాని చివరి ఫ్రేమ్‌ను పట్టుకునే ఉంటుంది, ఆ విలువ మామూలు సీఎస్ఎస్ రూల్ మీద గెలుస్తుంది. అందుకే నేను కీఫ్రేమ్స్‌లో 'ఫ్రమ్' మాత్రమే రాసి 'టు' వదిలేస్తాను. చివరి స్థితి కార్డు సొంత స్టైలే అవుతుంది, బ్యాక్‌వర్డ్స్ సరిపోతుంది.

హోవర్ పనిచేస్తోంది గానీ చివరి కార్డు దాదాపు సెకను ఆలస్యంగా స్పందిస్తోందా? అప్పుడు మీరు యానిమేషన్‌తో కాదు, స్టైల్ మారిన ప్రతిసారీ వర్తించే ట్రాన్సిషన్-డిలేతో వరస పెట్టారు. కార్డు వచ్చేశాక కూడా ఆ డిలే దాన్ని వదలదు. రాకకు యానిమేషన్, హోవర్‌కు ట్రాన్సిషన్ అని విడదీయండి.

జాబితా పెద్దదైతే జనం ఎదురుచూడాల్సి వస్తోంది

60 కార్డులుంటే చివరిది కదలడానికే 4.7 సెకన్లు. రెండింట్లో చిన్నదాన్ని తీసుకునే మిన్ ఫంక్షన్‌తో ఇండెక్స్‌ను 8 దగ్గర ఆపేయండి, మిగతావన్నీ తొమ్మిదో దానితో కలిసి వస్తాయి. ఎవరూ గమనించరు.

కదలిక తడబడుతోంది

టాప్, హైట్ లాంటివి మారిస్తే బ్రౌజర్ ప్రతి ఫ్రేమ్‌లో లేఅవుట్ మళ్లీ లెక్కేయాలి. 60 హెర్ట్జ్ తెరకు ఫ్రేమ్‌కి ఉండేది 16.7 మిల్లీసెకన్లే. ట్రాన్స్‌ఫామ్, ఒపాసిటీలతో సరిపెట్టుకోండి.

కదలికలు తగ్గించమన్నా కార్డులు ఆలస్యంగా వస్తున్నాయి

ఫోన్లో కదలికలు తగ్గించే సెట్టింగ్ పెట్టుకున్నవాళ్ల కోసం డ్యూరేషన్ సున్నా చేసి, డిలే అలాగే వదిలేస్తుంటారు. బ్యాక్‌వర్డ్స్ వల్ల కార్డు కనిపించకుండా ఉండి, వంతు రాగానే ఠక్కున ఊడిపడుతుంది. ఆ సెట్టింగ్‌ను గుర్తించే మీడియా క్వెరీలో యానిమేషన్‌నే 'నన్' చేయండి. కార్డు సొంత స్టైల్ కనిపించే స్థితే కాబట్టి వేరే ఏమీ రాయక్కర్లేదు.